కెమిస్ట్రీ వదలకండి, ఒక రాత్రి నాన్నగారి చెరువు గట్టున ఉండండి

ప్రశ్న: చెన్నైలో తాంబరం దగ్గర హాస్టల్‌లో ఉంటూ బి.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది గూడూరు వైపు ఊరు. నాన్నకు రొయ్యల చెరువులున్నాయి. పర్యావరణ శాస్త్రంలో స్థిరపడాలని నా కోరిక. ఇంటర్ అయ్యాక ఆ పేరుతో ఉన్న డిగ్రీలోనే చేరవలసిందేమోనని ఇప్పుడు దిగులుగా ఉంది. ఒక సంస్థ ఏడాది ఆన్‌లైన్ డిప్లొమా ఇస్తామంటోంది, ఫీజు అరవై వేలు. ‘చెట్లు నాటడానికి డిగ్రీ ఎందుకమ్మా, బ్యాంకు పరీక్షలకు కూర్చో’ అంటున్నారు నాన్న. మిగిలిన ఏడాదిన్నరలో నేను ఏమి చేయాలి? అసలు ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయా?

— ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: ముందు డిప్లొమా సంగతి తేల్చేద్దాం. కట్టకండి. ఆ సంస్థ మంచిదా, చెడ్డదా అన్న చర్చ నాకు అనవసరం. ఇలాంటి కోర్సుల్లో చెప్పే పాఠాలలో చాలా భాగం ‘స్వయం’, ‘ఎన్‌పీటెల్’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికల్లో ఉచితంగా దొరుకుతుంది. వాటిలో ఐఐటీ మద్రాసు అధ్యాపకులు చెప్పినవీ ఉన్నాయి, ఆ ఐఐటీ మీరుంటున్న ఊళ్లోనే ఉంది. సర్టిఫికెట్ కావాలనుకుంటే పరీక్షకు కొద్దిపాటి రుసుము కడితే చాలు. అరవై వేలు మీ నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి. ఆయనతో మనకు వేరే పని ఉంది.

ఇక దిగులు. పర్యావరణ శాస్త్రం అన్న పేరుతో డిగ్రీ చేయనందుకు మీరు పెద్దగా పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఈ శాస్త్రానికి సొంత పనిముట్లు తక్కువ. నీటిలో సీసం ఎంత ఉందో చెప్పాలంటే కెమిస్ట్రీ రావాలి. ఆ సీసం నేలలో ఎటు కదులుతుందో చెప్పాలంటే జియాలజీ, ఆ నీటిలో ఏ చేప బతుకుతుందో చెప్పాలంటే జువాలజీ, ఈ అంకెలన్నిటినీ నమ్మవచ్చా అని తేల్చాలంటే స్టాటిస్టిక్స్ కావాలి. అన్నిటినీ తలా కాస్త ముట్టుకుని వచ్చినవారికంటే ఒకదానిలో చేయి తిరిగినవారే ల్యాబ్‌లో ముందుగా పనికొస్తారని నా అభిప్రాయం. కాదనేవారూ ఉన్నారు. అభిప్రాయం కాని మాట ఒకటి చెబుతాను. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు యూపీఎస్సీ ఇచ్చే అర్హత సబ్జెక్టుల జాబితా చూడండి. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, జియాలజీ, గణితం, స్టాటిస్టిక్స్, పశువైద్యం ఉంటాయి. వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీలూ చెల్లుతాయి. పర్యావరణ శాస్త్రం పేరు అందులో లేదు. మీ దగ్గరున్న కెమిస్ట్రీ అడవుల దాకా దారి తీస్తుంది, చేరలేకపోయానని మీరు బాధపడుతున్న సబ్జెక్టు ఒక్కటే ఉంటే తీయదు.

ఎం.ఎస్సీ.కి దారి ఎలాగూ తెరిచే ఉంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు వెళ్లాలంటే ఏపీ పీజీసెట్ రాయాలి. గేట్‌లో పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్ కలిపి ప్రత్యేక పేపరు 2021 నుంచి ఉంది. డిగ్రీ మూడో సంవత్సరంలో ఉండగానే రాయవచ్చు. ఈ వివరాలు వెతుక్కోవడం మీకు కష్టం కాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

అసలు విషయానికి వద్దాం. పర్యావరణ శాస్త్రమంటే చెట్లు నాటడమని మీ నాన్నగారు అనుకుంటున్నారు. కానీ ఆయన రాత్రిళ్లు మేలుకుని చేసే పని ఆ శాస్త్రమే. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఒక రాత్రి చెరువు గట్టున ఆయనతో ఉండండి. తెల్లవారుజామున నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ ఎందుకు తిప్పుతారని అడగండి. డీవో పడిపోతుందంటారు. డీవో అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలో తేలే సన్నని నాచు, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక ఆ ప్లాంక్టనూ, రొయ్యలూ, అడుగున కుళ్లుతున్న మేతా అన్నీ కలిసి దాన్ని ఖర్చు చేస్తాయి. సూర్యోదయానికి కాస్త ముందు నిల్వ అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగితే రైతుకు కంటి మీద కునుకు ఉండదు. ఇంకా దిగితే రొయ్యలు తేలతాయి. అదే చెరువులో, అదే రోజు మధ్యాహ్నం మూడింటికి కొలిచి ఉంటే 8 గానీ 10 గానీ చూపినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నగరానికి రండి. పచ్చగా నాచు కట్టిన ఒక చెరువుకు నీటి పరీక్ష జరిగింది, ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందని నివేదిక వచ్చింది. నమూనా తీసిన వేళ మధ్యాహ్నం మూడు. అంకె అబద్ధం కాదు, మీటరు చెడిపోలేదు. అయినా ఆ అంకె చూపించి చెరువు బాగుందంటే మీ నాన్నగారు ఒప్పుకోరు, రాత్రి రెండింటికి కొలిచి చూపమంటారు. ఆ ప్రశ్న వేయగలవారు ఈ రంగంలో మీరు అనుకునేటంత మంది లేరు. పర్యావరణం మీద ప్రేమ ఉన్నవారు బోలెడంత మంది ఉన్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొలిచారో చెప్పి తమ అంకెకు పూచీ పడగలవారే కరువు. ఈ ఏడాదిన్నరలో మీరు నేర్చుకోవలసింది ఆ పూచీ పడడం. నేను కింద చెప్పేవన్నీ దాని కోసమే.

మొదటిది, కొలత. నాన్నగారి దగ్గర డీవో మీటరు ఉంటే అది సరిగ్గా చెబుతోందో లేదో తేల్చే విద్య మీ సిలబస్‌లోనే ఉంది. హంగరీ రసాయనవేత్త వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి అది. సీసాలో గాలి బుడగ లేకుండా నీరు నింపి మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు పోస్తే కరిగిన ఆక్సిజన్ గోధుమరంగు అవక్షేపంగా అక్కడికక్కడే బందీ అవుతుంది. తర్వాత ఆమ్లం పోస్తే దానికి సరిసమానమైన అయొడిన్ బయటికి వస్తుంది. ఆపైన థయోసల్ఫేటు, స్టార్చ్, నీలం రంగు మాయమవడం... మీరు ప్రాక్టికల్స్‌లో విసుక్కుంటూ చేసే అయొడోమెట్రీయే. గాఢమైన ఆమ్లాలను బస్సులో ఇంటికి మోసుకెళ్లకండి. గూడూరు, నెల్లూరు ప్రాంతాల్లో ఆక్వా ల్యాబ్‌లు ఉన్నాయి, నాన్నగారికి తెలిసినవారు ఉండకపోరు, అక్కడ చేయనిమ్మని అడగండి. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా రెండేసి గంటలకు ఒకసారి, ఒకే చోట, ఒకే లోతులో మీటరుతో కొలవండి. మధ్యలో రెండు మూడు నమూనాలకు వింక్లర్ పద్ధతి కూడా చేయించండి. రెండూ కలవకపోతే కారణం వెతకండి. ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి మీటరులో సాలినిటీ సర్దుబాటు చేశారా అన్నది మొదట చూడవలసిన సంగతి. ఆ ఒక్క రాత్రి పట్టిక మీ బయోడేటాలో ఏ సర్టిఫికెట్ కంటే బరువుగా ఉంటుంది.

మరో ప్రశ్న కూడా ఉంది, దాన్ని భోజనాల దగ్గర అడగకండి. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీరు ఎటు పోతుంది? తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. చిలికా, పులికాట్ సరస్సులను పేరుపెట్టి ప్రస్తావించి, వాటికి వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు కట్టకూడదన్నది. దాని తర్వాతే 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ అథారిటీ కార్యాలయం చెన్నైలోనే ఉంది. ఉప్పునీటి చేపలు, రొయ్యల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీబా కూడా ఇక్కడే. రొయ్యల రైతు బిడ్డ పర్యావరణ శాస్త్రం చదవడంలో కొంత ఇబ్బంది తప్పదు. ఆ ఇబ్బంది నుంచి తప్పుకోకండి. చెరువు లోపలి లెక్క తెలిసినవారు కాలువ లెక్క కూడా చూస్తే వచ్చే పరిష్కారాలు, రెండూ తెలియనివారు కార్యాలయంలో కూర్చుని రాసేవాటికంటే పనికివస్తాయి.

నేను చెన్నైలో నీరు, గాలి పరీక్షించే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, కొంతకాలం కొత్తవారిని ఇంటర్వ్యూ చేసే బాధ్యత కూడా నాదే. ఆరేడు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు జతచేసిన అభ్యర్థిని బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తీసుకుంటాయన్న లెక్క) ఎన్ని రోజుల పరీక్ష అని అడిగితే అయిదు అని ఠక్కున చెప్పేవారు. ఎన్ని డిగ్రీల దగ్గర అంటే కొంచెం తడబడి 20 అనేవారు. విదేశీ పాఠ్యపుస్తకం ప్రకారం సరైనదే. మన దేశ ప్రమాణాలలో మాత్రం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. శుద్ధిచేసిన వ్యర్థజలాన్ని నదుల్లోకి, చెరువుల్లోకి వదలడానికి సాధారణ పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములని రాసి ఉన్నది ఆ 3 రోజుల పరీక్షకే. రెండు పరీక్షల అంకెలను కలిపేసి గ్రాఫు గీసిన ప్రాజెక్టు రిపోర్టులు నా బల్ల మీదికి వచ్చేవి. ఇంకో ప్రశ్నకు మౌనమే జవాబు: లోహాల కోసం తీసిన నీటి నమూనాలో అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లం ఎందుకు వేస్తారు? సీసా గోడలకు లోహం అంటుకుపోయి, ల్యాబ్‌కు చేరేసరికి నీటిలో తక్కువ చూపుతుంది కాబట్టి. ఇలాంటివి మీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంటుకు తెలిసి ఉండవచ్చు. ఆయనతో స్నేహం చేయండి, ప్రొఫెసర్‌తో చేసినంత శ్రద్ధగా.

రెండోది, అంకెలతో పని. ఎక్సెల్ వస్తే మొదలుపెట్టవచ్చు, ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఏదో ఒకటి మెల్లగా నేర్చుకోండి. నేర్చుకోవడానికి మన పండగే మంచి సమాచారం ఇస్తుంది. భోగి మంటల పొగకు చెన్నైలో విమానాలు ఆలస్యమైన ఏళ్లున్నాయి. పొగ లేని భోగి చేసుకోండని కాలుష్య నియంత్రణ మండలి ఏటా వేడుకుంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో మణలి, ఆలందూర్, వేళచ్చేరి కేంద్రాల పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) అంకెలు గంటగంటకూ దొరుకుతాయి. ఒక జనవరి నెలంతా దించుకోండి. 24 గంటల సగటుకు మన పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. భోగి రోజు సగటు చూస్తే ఒక కథ, తెల్లవారుజాము గంటలు విడిగా చూస్తే వేరే కథ. అక్కడితో ఆగకండి. ఆ రోజు గాలి వేగం ఎంత? ఏయే గంటలకు అంకెలే లేవు? పొగ దట్టంగా ఉన్నప్పుడే యంత్రం మూగబోయి ఉంటే సగటు ఎటు జరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలకు నాలుగు పేజీల్లో జవాబు రాయగలిగితే మీకు విశ్లేషణ వచ్చినట్లే.

మూడోది, ఒక చోటును బాగా తెలుసుకోవడం. మీరు తాంబరంలో ఉన్నారు కాబట్టి చిట్లపాక్కం చెరువు దగ్గరే. దాని మిగులు నీరు సెంబాక్కం చెరువుకు వెళ్తుంది, అక్కడి నుంచి గొలుసుకట్టు చెరువుల మీదుగా పళ్లికరణై చిత్తడి నేలకు, ఆపైన ఒక్కియం మడువు, బకింగ్‌హామ్ కాలువ దాటి సముద్రానికి. పళ్లికరణైకి 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అందులో ఉన్నది సుమారు 1,250 హెక్టార్లు. ఒకప్పుడు దానికి ఎన్నో రెట్లు ఉండేది. మిగిలినది చెత్త డంపు, ఐటీ కార్యాలయాలు, రోడ్లు, ఇళ్ల కిందికి పోయింది. ఇందులో నా మాట నమ్మవలసిన పని లేదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1970ల నుంచి ఉన్నాయి, 2015 నుంచి సెంటినెల్ చిత్రాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, రెండూ ఉచితం. వాటిని పరిచి చూడడానికి క్యూజీఐఎస్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పదేసి ఏళ్ల దూరంలో నాలుగు చిత్రాలు తీసుకుని చిత్తడి నేల సరిహద్దు మీ చేత్తో గీయండి. ఎండాకాలం చిత్రాన్నీ, ఈశాన్య రుతుపవనాల తర్వాతి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి ‘చెరువు కుంచించుకుపోయింది’ అనకండి. చెన్నై వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది.

తర్వాత నడిచి వెళ్లి చూడండి. గట్టు మీద టీ కొట్టు పెట్టుకున్నవారిని ఏ ఏడాది అలుగు పారిందో, ఏ ఏడాది నీళ్లు ఇళ్లలోకి వచ్చాయో అడగండి. దీనికి తమిళం కావాలి. మాట్లాడడం మీకు ఈపాటికి వచ్చే ఉంటుంది, చదవడం కూడా నేర్చుకోండి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాలకు తమిళ పరీక్ష తప్పదన్నది ఒక కారణం. పులికాట్ సరస్సు రెండు రాష్ట్రాలలోనూ పరచుకుని ఉంది, మీ ఊరి పక్కనున్న కండలేరు జలాశయం నీరు తెలుగు గంగ కాలువలో 152 కిలోమీటర్లు ప్రయాణించి రాష్ట్ర సరిహద్దుకు, అక్కడి నుంచి చెన్నై కోసం పూండి జలాశయానికి చేరుతుంది, ఆరణియార్ చిత్తూరు కొండల్లో పుట్టి ఇటు వస్తుంది. ఈ నీళ్ల గురించి రెండు వైపుల కాగితాలూ చదవగలవారు, రెండు వైపుల రైతులతోనూ మాట్లాడగలవారు ఎంతమంది ఉంటారు? చెన్నై తెలుగువారికి ఇది కూర్చున్న చోట దొరికిన ఆస్తి. చాలామంది వాడుకోరు.

చట్టాల గురించి క్లుప్తంగా. జల చట్టం 1974, వాయు చట్టం 1981, భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం 1986, జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010. వీటి పేర్లు బట్టీ పట్టి లాభం లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద తయారైన ఒక నివేదికను మొదటి పుట నుంచి చివరి దాకా చదవండి, పర్యావరణ అనుమతుల కోసం ప్రభుత్వం నడిపే పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. వందల పుటలుంటాయి, చాలా భాగం విసుగు పుట్టిస్తుంది. ప్రాజెక్టు ఎన్నూరు వైపుదైతే ఇంకా మంచిది, వార్తల్లో చదివినదానికీ నివేదికలో ఉన్నదానికీ దూరం కనిపిస్తుంది. నీటి నమూనాలు ఏ నెలల్లో తీశారు, ఎన్ని చోట్ల, పక్షుల జాబితా ఆ చోటుదేనా లేక ఎక్కడి నుంచో అతికించినదా అని చూడండి. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలోనే ఉంది, దాని ఉత్తర్వులు చదివితే ఇలాంటి లోపాల మీద వాదనలు ఎలా నడుస్తాయో తెలుస్తుంది. మీ డిగ్రీలో తప్పనిసరిగా ఉండే పర్యావరణ అధ్యయనం పేపరు కూడా సుప్రీంకోర్టు ఆదేశం వల్ల వచ్చినదే. ఆ క్లాసు ఎగ్గొట్టడం దేశవ్యాప్త ఆచారం కాబట్టి, వెళ్తే లెక్చరర్ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

ఉద్యోగాలు ఉన్నాయా? ఉన్నాయి, మీరు ఊహించుకున్న రూపంలో కాకపోవచ్చు. ఎక్కువ ఖాళీలు ఉండేది పరీక్షా ల్యాబ్‌లలో, పరిశ్రమల వ్యర్థజల శుద్ధి కేంద్రాలలో, కంపెనీల పర్యావరణ, భద్రతా విభాగాలలో, ప్రభావ అంచనా నివేదికలు రాసే కన్సల్టెన్సీలలో. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, ఎండ ఎక్కువ, వాసన గురించి చెప్పనే అక్కర్లేదు. పెద్ద లిస్టెడ్ కంపెనీలు నీటి వాడకం, ఉద్గారాల లెక్కలు ఏటా వెల్లడించాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టాక ఆ లెక్కలు రాసే పని కొత్తగా పెరిగింది. అది చల్లని గదిలో కూర్చుని చేసేది, జీతమూ మెరుగే, కానీ నేరుగా అందులోకి దూకినవారికి తాము రాసే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కాలుష్య నియంత్రణ మండళ్లలో శాస్త్రవేత్త పోస్టులు అరుదుగా పడతాయి, వాటినే నమ్ముకుని కూర్చోకండి. చెన్నైలో పరిశోధన వైపు జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) ప్రాంతీయ కేంద్రం, పళ్లికరణైలో జాతీయ తీర పరిశోధన కేంద్రం, అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలో తీర నిర్వహణ కేంద్రం, తరమణిలో స్వామినాథన్ పరిశోధన సంస్థ ఉన్నాయి. ఎం.ఎస్సీ. తర్వాత ప్రాజెక్టు ఉద్యోగాలు ఇలాంటి చోట్ల వస్తుంటాయి, చాలావరకు తాత్కాలికం.

ఒక మాట ఇష్టం లేకపోయినా చెప్పాలి. కన్సల్టెన్సీలో చేరితే ఎప్పుడో ఒకప్పుడు ‘ఈ అంకె కాస్త తగ్గించి రాయండి’ అనే మనిషి ఎదురవుతాడు. మర్యాదగానే అడుగుతాడు. ఆ రోజు ఉద్యోగం మారగల స్తోమత ఉండాలంటే చేతికి పని వచ్చి ఉండాలి, బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉండాలి. రెండోది చెబితే మీ నాన్నగారు సంతోషిస్తారు.

బ్యాంకు పరీక్షల విషయంలో ఆయనతో పోట్లాడకండి. డిగ్రీ పూర్తయ్యేదాకా గడువు అడగండి. చెరువు గట్టున తయారైన పట్టిక చేతికిచ్చి అడగండి, చెట్ల మాట మళ్లీ ఎత్తరని నా నమ్మకం. ఎత్తినా ఫరవాలేదు.

ఇక వచ్చే వేసవి. సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తులు వేసవికి చాలా ముందే, ఏడాది చివరి నెలల్లో ముగుస్తాయి. అది తప్పిపోతే నేరుగా శాస్త్రవేత్తలకు రాయండి. ‘గౌరవనీయులైన సర్, నాకు పర్యావరణమంటే చిన్నప్పటి నుంచి ఆసక్తి’ అని మొదలయ్యే ఉత్తరాలు వారికి రోజూ వస్తాయి, ఎవరూ చదవరు. వారి పరిశోధన పత్రం ఒకటి చదివి, అందులో మీకు అర్థం కాని ఒక విషయం అడగండి. కింద మూడు వాక్యాలు చాలు: ఏమి చదువుతున్నారు, మీ చేతికి ఏ పరీక్షలు వచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరు. రాత్రి డీవో పట్టిక జతచేయండి. ఒకేసారి ముప్పై మందికి ఒకే ఉత్తరం పంపవద్దు, వారు ఒకరికొకరు చూపించుకుంటారు. నలుగురికి వేర్వేరుగా రాయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, ఆపైన ఇంకొకరిని వెతకండి. జనవరి చివరికల్లా మొదటి ఉత్తరం వెళ్లిపోవాలి, మార్చి దాటితే ల్యాబ్‌లో బల్లలు నిండిపోతాయి.